కుట్టుపడవలు, తెప్పలవారు: తూర్పుతీరమున ఒక ప్రాణరక్షణ సేవ అంతరించిన కథ

కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతములయందలి తెలుగువారమగు మనకు సముద్రముతోడి చుట్టరికము తక్కువ. మనది నల్లరేగడి నేల. ప్రత్తి, జొన్న, సజ్జ, మిరప మన పంటలు. వాన రాకడయే మన పంచాంగము. అయినను కోవిల్‌పట్టినుండి తూత్తుకుడి రేవు సుమారు 60 కిలోమీటర్ల దూరమే. తిన్నవెల్లి ప్రత్తి యను పేర దేశాంతరములందు అమ్ముడుపోయిన సరకు ఈ నేలలో పండినదే. మా తాతగారి తరమువారు దూదిబండ్లు తోలుకొని తూత్తుకుడికి పోయి, ఒడ్డున ఓడ కనబడక విస్తుపోయిరని మా యింట చెప్పుకొనెడివారు. ఓడ తీరమునకు రాదు. లోతు చాలక దూరమున లంగరు దించి నిలుచును. సరకును, మనుష్యులను దానికి చేర్చునది దోనె. లోతైన నీటి క్రొత్త రేవు ఏర్పడి, 1974లో అది ప్రధాన రేవుగా ప్రకటింపబడువరకును తూత్తుకుడి స్థితి యిట్టిదే.

తీరమునకును ఓడకును నడుమనున్న ఆ నీటిని దాటించినవారెవరు? దాటించుచుండగా పడవ తలక్రిందులైనచో మునిగినవారిని తేల్చినవారెవరు? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు మూలము. రెండవ ప్రశ్నను మన చరిత్రకారులు అంతగా పట్టించుకొనినట్లు తోచదు.

నీరు దాటుటను గూర్చి మనకును ఒక కథ కలదు. మన కంబళత్తు నాయకుల పూర్వులు ఉత్తరదేశమునుండి తురకసేనలకు వెరచి పారిపోయి వచ్చుచుండగా ఒక యేరు అడ్డుపడెననియు, రెండు దరులనున్న కానుగచెట్లు వంగి తలలు కలిపి వంతెనయై వారిని దాటించెననియు పెద్దలు చెప్పుదురు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ హిందూదేశపు కులములు, తెగలను గూర్చిన గ్రంథములో తొట్టియ నాయకుల ప్రకరణమున ఈ కథ కనబడును. కోవిల్‌పట్టి సమీపముననున్న ఇడైసేవల్ గ్రామమున 1923లో జన్మించి, ఇంట తెలుగు మాటాడుచు తమిళమున రచనలు చేసిన కి. రాజనారాయణన్ గారు తమ 'గోపల్ల గ్రామము' నవలలో ఇట్టి వలస జ్ఞాపకములనే కథగా అల్లిరి. మనలను దాటించిన చెట్టును మనము మరువలేదు. సముద్రతీరమున దుంగలు కట్టుకొని నీటిపై పరుండి వేలమందిని దాటించినవారిని మాత్రము ఎవరును కథగా చెప్పుకొనలేదు.

నేను ఈ విషయమును వెదకుటకు కారణము ఒక విద్యార్థి. మా బడిలో తెలుగు చదువు పిల్లలు ఏటేట తగ్గుచున్నారు. ఉన్నవారికి తెలుగు ఇంటి భాషయే కాని పుస్తకపు భాష కాదు. 2025లో 'తండేల్' అను చలనచిత్రము వచ్చినప్పుడు, ఆ మాటకు అర్థమేమని ఒక బాలుడు నన్నడిగెను. చేపలవేటకు పోవువారి నాయకుడని చెప్పి ఊరకుంటిని. ఇల్లు చేరిన పిదప ఆ జవాబు నాకే చాలలేదు. 1886లో యూల్, బర్నెల్ పండితులు ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' అను ఆంగ్లో-ఇండియన్ నిఘంటువును తెరచి చూడగా, ఆంగ్లేయ నావికులు వాడిన 'టిండల్' అను మాటకు మూలములుగా మలయాళ 'తండల్', తెలుగు 'తండేలు' పదములు చూపబడియున్నవి. అనగా ఒకానొకప్పుడు తూర్పుతీరమున దిగిన ప్రతి తెల్లదొరయు తన ప్రాణమును ఎవని చేతిలో పెట్టవలసి వచ్చెనో, అతని పదవికి పేరు మన మాటయే.

తీరపు స్వభావమును కొంత వివరింపవలెను. కళింగపట్నమునుండి భీమునిపట్నము, విశాఖపట్నము, మచిలీపట్నము, మోటుపల్లి మీదుగా మద్రాసువరకు గల తీరమున, నదీముఖములందలి కొద్ది చోటులు తప్ప, ఓడకు సహజమైన ఆశ్రయము లేదు. ఇసుకతీరము; బంగాళాఖాతపు అలలు నేరుగా వచ్చి ఒడ్డునకు కొంత దూరమున వరుసలు వరుసలుగా విరుగును. ఈ విరుగుకెరటములను ఓడల వెంటవచ్చు పాశ్చాత్యుల పడవలు దాటలేవు. అవి మేకులతో బిగించినవి. కెరటమెత్తి ఇసుకపై కొట్టినచో పలకలు పగిలి విచ్చిపోవును. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఆంగ్లేయులకు చోటిచ్చిన నాటినుండి పందొమ్మిదవ శతాబ్ది చివరివరకును మద్రాసు మహానగరమునకు రేవు అనదగినది లేదన్న మాట మనము తరచు మరతుము. ఇంత వర్తకము, ఇంత సైన్యము, ఇంత రాజ్యము ఆ కెరటములమీదుగానే దిగినవి.

దింపినది మసులా పడవ. ఈ పేరు మచిలీపట్నమునుండి వచ్చెనని కొందరు, చేపయను అర్థముగల మాటనుండి వచ్చెనని కొందరు వాదించిరి, తగవు తీరలేదు. ఫ్రెంచివారు పుదుచ్చేరిలో దీనినే 'షెలాంగ్' అనిరి. అది తమిళపు 'శలంగు'కు రూపాంతరము. ఈ పడవకు ఇనుపమేకు లేదు. లోపల ప్రక్కటెముకలవంటి ఊతకొయ్యలు లేవు. వెడల్పైన పలకల అంచులకు రంధ్రములు వేసి, సందులపై పీచువంటి మెత్తనిదానిని పరచి, కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. పదునేడవ శతాబ్దిలో ఈ తీరమున తిరిగిన థామస్ బౌరీ అను ఆంగ్ల నావికుడు తన గ్రంథమున ఈ కుట్టును వర్ణించి, చిత్రమును సైతము గీసెను. 1834లో జాన్ ఎడై అను నౌకానిర్మాణ నిపుణుడు కొలతలనిచ్చెను: పొడవు 30 మొదలు 35 అడుగులు, వెడల్పు 10, 11 అడుగులు, లోతు 7, 8 అడుగులు. పెద్ద తొట్టివంటి రూపము. చూచుటకు అందము లేదు. పాశ్చాత్యులు మొదట దీనిని చూచి నవ్విరి. ఎక్కిన పిదప నవ్వు మానిరి. కెరటము కొట్టినప్పుడు ఈ పడవ గట్టిగా నిలిచి పోరాడదు, బుట్టవలె వంగి ఆ దెబ్బను మ్రింగును. నేను కొన్ని సంవత్సరముల క్రిందట భీమునిపట్నము దాపుల ఒక పల్లెలో ఒక వృద్ధుని ఈ సంగతి యడుగగా, "మేకు కొడితే పగిలిపోద్ది బాబూ, తాడైతే సాగుతాది" అని ఒక్క ముక్కలో చెప్పెను. ఎడై గారి కొలతలకంటె నాకు ఈ మాట ఎక్కువ బోధపడినది.

పడవను దాటించుట ఒక విద్య. తెడ్లు వేయువారు ఎనిమిదిమొదలు పన్నెండుమంది. వెనుకకొసన ఎత్తుపై నిలిచి పొడవైన చుక్కాని తెడ్డును పట్టినవాడు తండేలు. కెరటములు విరుగు చోటికి కొంచెము ఇవతల పడవ ఆగును. తండేలు వెనుకకు చూచుచు అలలను లెక్కించును. తగిన అల తమ క్రిందుగా సాగిపోగానే కేక వేయును. అందరు ఒక్క ఊపున పాట పాడుచు తెడ్లు వేసి, ఆ అల వీపుననే ఒడ్డునకు పరుగెత్తింతురు. రెప్పపాటు ముందైనచో అల పడవను ముందుకు తిరుగవేయును. రెప్పపాటు వెనుకైనచో రాబోవు అల వచ్చి వెనుకనుండి నింపును. బేసిల్ హాల్ అను నౌకాధికారి తన యాత్రా స్మృతులలో మద్రాసు కెరటములను, ఈ పడవవారి నేర్పును మెచ్చుచు విపులముగా వ్రాసెను.

ఇంతవరకు రవాణా. ప్రాణరక్షణ దీని ప్రక్కనే నడచినది. సముద్రము పోటుమీదనున్న దినములలో మనుష్యులను తీసికొనిపోవు మసులా పడవకు తోడుగా ఒకటి రెండు తెప్పలు పోవుచుండెడివి. తెప్ప యనగా తమిళులు కట్టుమరమనునది. మద్రాసు తెప్ప మూడు దుంగల కట్ట. పొడవు 20, 25 అడుగులు. దానికి మునుగుట యనునది లేదు, మునుగుటకు లోపలి భాగమే లేదు. కెరటము తెప్పవానిని ఊడ్చివేసినను అతడు ఈది వచ్చి మరల ఎక్కును. పడవ తిరుగబడినప్పుడు ఈ తెప్పలవారు దూకి, మునుగువారిని పట్టి తెచ్చి దుంగలపై పరుండబెట్టి ఒడ్డునకు చేర్చెడివారు. ఏ పడవయు కదలలేని ఈశాన్య ఋతుపవన దినములలో సైతము తెప్ప పోవును. ఒడ్డుననున్న అధికారుల జాబులను తాటాకు అల్లిక టోపీలలో తడవకుండ దాచుకొని ఓడలకు చేర్చినవారు వీరే. ప్రాణములు కాపాడిన తెప్పలవారికి పతకములు ఇచ్చు ఆచారమును ప్రభుత్వము పెట్టినది. పతకమను మాట ముఖ్యమైనది. ఇది అప్పుడప్పుడు ఎవడో ఒకడు చేసిన సాహసము కాదనియు, ఎదురుచూడదగిన, నమ్మదగిన సేవ యనియు ప్రభుత్వమే గుర్తించినదనుటకు అది నిదర్శనము.

మద్రాసు పడవవారిలో అధికులు తమిళ జాలరి కులములవారు. ఉత్తరమున మచిలీపట్నము, విశాఖపట్నము తీరములందు ఈ పని వాడబలిజలు, జాలరులు, పల్లెకారులు మున్నగు తెలుగువారిది. భాష మారినను విద్య ఒక్కటియే, కుట్టు ఒక్కటియే.

బ్రిటనులో 1824లో సర్ విలియం హిల్లరీ పూనికతో ప్రాణరక్షక నౌకల సంస్థ స్థాపితమైనది. చందాలు, సభలు, పడవలు, నివేదికలు ఏర్పడినవి. నాటినుండి నేటివరకు దాని చరిత్ర అచ్చులో నున్నది. 1838 సెప్టెంబరు 7వ తేదీన ఫార్ఫర్‌షైర్ అను స్టీమరు రాళ్ళకు తగిలి విరిగినప్పుడు, గ్రేస్ డార్లింగ్ అను దీపస్తంభ రక్షకుని కుమార్తె తండ్రితో కూడ పడవ నడిపి కొందరిని కాపాడిన కథను మా నాయనగారు తమ ఇంగ్లీషు వాచకమున చదివిరి. ఆమె ధైర్యమును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. అదే కాలమున మద్రాసు ఒడ్డున ప్రతి వర్షకాలమునను ఆ పని చేయుచున్న తెప్పవాని పేరు ఒక్కటియు మన వాచకమున లేదు. మన తెలుగు చదువులకు నిఘంటువు కట్టి యిచ్చిన సి.పి. బ్రౌను 1817 ఆగస్టులో మద్రాసున దిగెను. నాడు దిగుటకు వేరొక దారి లేదు గనుక ఆయనయు మసులా పడవలోనే దిగియుండవలెను. అల తప్పక లెక్కించిన ఆ తండేలు ఎవరో మనకు తెలియదు. ఆ లెక్క తప్పినచో మన భాషకెంత నష్టమో ఊహింపవచ్చును.

ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. నాటి ఆంగ్లేయుల వ్రాతలలో పడవవారిపై ఫిర్యాదులు సైతము మెండు. నడి కెరటములలో పడవ నాపి అధికమడుగుదురనియు, సరకు దొంగిలింతురనియు వ్రాసిరి. కొంత నిజమై యుండవచ్చును. పడవవారు ఏ పుస్తకమును వ్రాయలేదు గనుక వారి ప్రక్క వాదము మనకు దొరకదు. కూలి రేట్లను, ఎక్కింపదగిన మనుష్యుల సంఖ్యను రేవు అధికారియగు మాస్టర్ అటెండెంటు కట్టుదిట్టము చేసెను, తప్పినవానికి శిక్ష. ప్రాణమును పణముపెట్టు పనికి ఇతరులు ధర కట్టినప్పుడు బేరము నడినీటిలో జరుగుట వింత కాదని నా యభిప్రాయము. వారిని దేవతలుగా చిత్రింప నక్కరలేదు. పనివారుగా గుర్తించిన చాలును.

ఇక్కడ మన తెలుగు రాజుల శాసనములను ఒకసారి తలంచుకొనుట అప్రస్తుతము కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లియందు వేయించిన అభయశాసనము సుప్రసిద్ధము. తుపానుకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగువానిని పూర్వపురాజులు బలాత్కారముగా హరించుచుండిరనియు, తాను దయతో నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు సముద్రవర్తకులకే విడిచితిననియు ఆయన చాటెను. 1358లో కొండవీటి అనపోత రెడ్డి అదే మోటుపల్లియందు వర్తకులకు అభయమిచ్చుచు మరల శాసనము వేయించెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున, తుపానువలనను, రోగమువలనను, బడలికవలనను తన తీరమున దిగిన పరదేశ నావికులను వారి వారి జాతికి తగినట్లు ఆదరింపవలెనని చెప్పెను. ఆ కాలమునకు ఇది గొప్ప ధర్మము. పలుదేశములందు పగిలిన ఓడ రాజు సొత్తుగా నుండెడిది. అయినను పరిశీలించి చూడుడు. శాసనము సరకును కాపాడినది. కావ్యము ఒడ్డెక్కినవానిని ఆదరించినది. ఒడ్డునకు, ఓడకు నడుమ మునుగుచున్నవానిని గూర్చి రాజు ఏమియు చెప్పలేదు. చెప్ప నవసరము లేకపోయెనేమో! అచ్చట తెప్పలవారు ఉండిరి. ఎవరును స్థాపింపని సేవ గనుక ఎవరును శాసనమునకు ఎక్కింపలేదు. అది మూతపడినప్పుడు ఎవరును గమనింపకపోవుటకును ఇదే హేతువు.

మూతపడుట ఒక్కనాట జరుగలేదు. 1860ల ఆరంభమున మద్రాసు ఒడ్డునుండి సముద్రములోనికి ఇనుపస్తంభములపై వంతెనవంటి పియరు వెలసినది. 1872 మే నెలలోని తుపానులో లంగరుననున్న ఓడలు అనేకము ఒడ్డునకు కొట్టుకొని వచ్చి నాశనమయ్యెను. రేవు కట్టక తప్పదను వాదము బలపడెను. 1875 డిసెంబరులో వేల్సు యువరాజు చేత శంకుస్థాపన జరిగినది. అలల నడ్డు రాతికట్టలు దాదాపు పూర్తియగు తరుణమున, 1881 నవంబరు తుపాను వానిని పగులగొట్టెను. మరల కట్టుట 1890ల నడుమ ముగిసెను. 1904లో వచ్చిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ రేవు ముఖద్వారమును తూర్పునుండి ఈశాన్యమునకు మార్పించి, ఓడలు నేరుగా ఆనుకొను గట్లను పెంపొందించెను. అటుపిమ్మట ప్రయాణికుడు ఓడనుండి మెట్లు దిగి నేలపై కాలు మోపెను. అతనికి తండేలుతో పని లేదు. తండేలు వెంట తెప్పతోను పని లేదు.

ఈ రేవు పడవవారి కూలిని మాత్రమే తీసికొనలేదు. ఈ తీరమున ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు ఏడాది పొడుగున అధికముగా కదలుచుండును. రాతికట్ట ఆ ఇసుకను ఆపినది. దక్షిణమున ఇసుక పేరుకొని నేటి మెరీనా మైదానము విశాలమైనది. ఉత్తరమున ఇసుక చేరక రాయపురము మొదలు తీరము కోసుకొని పోయెను. రాయపురమనగా పడవవారి పేట. నగరవాసి సాయంకాలము గాలికి తిరుగు ఇసుక ఒక ప్రక్క, జాలరి యిల్లు కోలుపోయిన ఒడ్డు ఒక ప్రక్క: ఈ రెండును ఒకే కట్టడపు ఫలములని రెండింట నడచిన మనుష్యులకు సైతము తరచు తెలియదు.

తెలుగు తీరమున కథ ఇంచుక వేరు. 1890లలో తూర్పుతీరపు రైలుమార్గము సాగివచ్చి సరకును నేలమీదికి లాగుకొనెను. కళింగపట్నము, భీమునిపట్నములకు ఓడల రాక క్రమముగా తగ్గెను. 1933లో విశాఖపట్నపు రేవు తెరువబడెను. ఆ యేడు అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అను ఓడ లోపలికి వచ్చెను. ఆ రేవును చూచి తెలుగువారు గర్వించుట సహజమే, నేనును గర్వింతును. కాని ప్రక్కనున్న చిన్నరేవులలో తరతరములుగా ఓడకును ఒడ్డునకును నడుమ పనిచేసినవారికి ఇక చేపలవేట ఒక్కటియే మిగిలెను. మసులా పడవ వలపడవగా మారెను. అలివి వలను సముద్రమున వృత్తాకారముగా విడిచివచ్చుటకు అది దశాబ్దములపాటు పనికివచ్చినది. 1980లలో ఎరిక్ కెంట్లీ అను ఆంగ్ల పరిశోధకుడు తూర్పుతీరమున వీనిని వెదకి అధ్యయనము చేసిన నాటికి ఇంకను కుట్టువారు ఉండిరి.

ఇందు పోయినదేమి? పడవ పోవుట పెద్దమాట కాదు. పనిముట్లు మారుచునే యుండును. పోయినది ప్రతిదినము అభ్యాసమున నుండిన ఒక సిద్ధస్థితి. పది పడవలు, పది తెప్పలు, నూరుమంది మనుష్యులు ఒడ్డున ఎల్లప్పుడు మేలుకొని, సముద్రమును చూచుచు నుండుటకు కారణము కూలి. కూలి పోగానే చూపు పోయెను. రక్షణ ఆ పనికి నీడవంటిది. బ్రిటనులో ఆ నీడకు వేరుగా ఒక సంస్థను కట్టిరి గనుక, తీరపు వృత్తులు మారినను సంస్థ నిలిచినది. ఇచ్చట సంస్థ లేదు. రేవులు కట్టిన ప్రభుత్వము, తాను పతకములిచ్చిన సేవకు బదులేమి పెట్టవలెనో ఆలోచించినట్లు కనబడదు. రేవులోనికి వచ్చు ఓడలకు భద్రత కలిగెను. రేవు లేని పల్లెలనుండి ప్రతిదినము వేటకు పోవువానికి ఎవరు దిక్కు? తీరరక్షక దళము చట్టరీత్యా ఏర్పడినది 1978లో. నడుమ ఎనిమిది దశాబ్దముల ఎడము. ఆ ఎడములో జాలరిని కాపాడినది ప్రక్కపడవలోని జాలరియే.

నేడు తీరరక్షక దళమునకు 1554 అను ఫోను సంఖ్య యున్నది, నౌకలున్నవి, విమానములున్నవి. వారు కాపాడిన ప్రాణములు అనేకము, కాదనరాదు. అయినను 2017 నవంబరు చివర ఒఖీ తుపాను కన్యాకుమారి తీరమును కొట్టినప్పుడు ఏమి జరిగినదో మన దక్షిణ జిల్లాలవారికి తెలియును. వేటకు పోయినవారు వందలకొలది నడిసముద్రమున చిక్కిరి. తమవారు ఏ దిక్కున ఎంత దూరమున వల వేయుదురో తమకు తెలియును గనుక, కేరళ తీరపు జాలరులు తమ పడవలపై తామే వెదకబోయిరి. ఆ తెలివి నౌకలో లేదు, కుప్పములో ఉన్నది.

మరి రెండు సంవత్సరముల వెనుకటి మాట. 2015 డిసెంబరులో చెన్నపట్టణము వరదలో మునిగినప్పుడు, తీరపు కుప్పములనుండి జాలరులు పడవలను వాహనములపై ఎక్కించి వీధులలోనికి తెచ్చి, మేడలపై చిక్కినవారిని దింపిరి. 2018 ఆగస్టులో కేరళమున జాలరులు అట్లే తమ పడవలను లారీలపై తెచ్చి 65,000 మందికి పైగా కాపాడిరని ప్రకటింపబడినది. ఆ పడవలు ఫైబరువి, యంత్రములు గలవి. వానిలో కుట్టు లేదు. నడిపిన చేతులు మాత్రము ఆ కులవిద్యవే. పత్రికలు నాడు వారిని ఆకాశమున కెత్తినవి. నాకు సంతోషమే కలిగినది. కాని ఇదేదో క్రొత్తగా పుట్టిన త్యాగమైనట్లు వ్రాసినప్పుడు కొంచెము నొచ్చుకొంటిని. మద్రాసు ఒడ్డున ఇది సుమారు 250 ఏండ్లు నడచిన నిత్యకృత్యము.

1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభమైన బంగాళాఖాత మత్స్యాభివృద్ధి పథకము, విరుగుకెరటములను దాటి ఒడ్డుననే దిగగల క్రొత్త పడవలకై ప్రయోగములు చేసినది. ఇసుకపై దిగు పడవ ఎట్లుండవలెనో నేర్చుకొనుటకు నిపుణులకు సంవత్సరములు పట్టెను. పాతపడవ ఆ పాఠమును కుట్టులోనే దాచుకొనియున్నది. పిమ్మట ఫైబరు తెప్పలు, ఫైబరు పడవలు వచ్చినవి. కొబ్బరిత్రాటిని తరచు విప్పి మరల కుట్టవలసిన బాధ తప్పినది. తీరవాసులు వానిని ఇష్టపడిరి, ఇష్టపడుట న్యాయమే. పూర్వవస్తువులపై మనకు గల మమకారముకొరకు వారు కష్టపడవలెననుట అన్యాయము.

ఆ సెలవులలో నేను భీమునిపట్నము దాపులకు పోయినది ఒక్క కుట్టుపడవనైనను కన్నులార చూడవలెనని. దొరకలేదు. ఒడ్డున నీలము, పసుపు రంగుల ఫైబరు పడవలు వరుసగా నున్నవి. ముందు పేర్కొనిన వృద్ధుడు నా తెలుగు యాస విని, "మీదే ఊరు బాబూ?" అని యడిగెను. కోవిల్‌పట్టి యని చెప్పితిని. అరవదేశమున ఇంటింట తెలుగు మాటాడువారున్నారని చెప్పగా అతడు నమ్మలేక కోడలిని పిలిచి నాచేత మరల మాటాడించెను. మా పిల్లలు ఇంట వాడు మాటలలో సముద్రపు మాట ఒక్కటియు లేదనగా, తన మనుమనికి సైతము కుట్టుపని మాటలు తెలియవని, వాడు విశాఖ రేవులో ఇంజన్లు బాగుచేయునని చెప్పెను. తన తండ్రి నాట పడవ తిరుగబడినప్పుడు పడినవారిని ఎట్లు పట్టెడివారో చేతులతో అభినయించి చూపెను: జుట్టు పట్టవలెను, చేయి పట్టరాదు, చేయి పట్టినచో మునుగువాడు మనలను ఎక్కును. అట్లు లాగినందుకు కూలి యేమైన ఇచ్చెడివారా యని యడిగితిని. ఆ ప్రశ్న అతనికి సరిగా బోధపడలేదు. పతకముల మాట అతడు వినలేదు.

తన చివరి కుట్టుపడవను విప్పి చాలకాలమైనదని చెప్పెను. పలకలలో కొన్ని వంటచెరకైనవి. రెండు మాత్రము ఆ యింటి వంటపాకకు తలుపుగా నున్నవి. త్రాడు దూరిన రంధ్రములు వాని అంచుల వెంబడి బెత్తెడు బెత్తెడు దూరమున వరుసగా కనబడుచున్నవి. వానిలోనుండి లోపలి పొగ సన్నని ధారలుగా వెలికి వచ్చుచుండెను.